రెగ్యులేటర్ మళ్లీ మళ్లీ కాలిపోతుంటే గాలి పైపు కంటే ముందు చూడాల్సినవి

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ సంగతి: రోటాక్స్ 912 యూఎల్‌ఎస్ ఇంజన్ ఉన్న సొంతంగా కట్టుకున్న విమానం, జనరేటర్ ఇచ్చే ఏసీ కరెంటును డీసీగా మార్చి, బ్యాటరీకి తగ్గ వోల్టేజ్‌లో ఉంచే రెగ్యులేటర్‌ని ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే గోడ) పైభాగంలో సైలెన్సర్ వైపు బిగించారు, ఒకటి పోయింది, కొత్తది వేస్తే అదీ పోయింది. ఇప్పుడు దాన్ని క్యాబిన్‌లోకి మార్చాలా, లేక చిన్న కంప్యూటర్ ఫ్యాన్ పెడితే సరిపోతుందా అని అడుగుతున్నారు. రెండూ ఇప్పుడే వద్దు. మూడో రెగ్యులేటర్ కొనేముందు ఆ వేడి ఎక్కడ పుడుతోంది, ఎటు పోలేక ఆగిపోతోంది అన్నది తేల్చుకోండి. ఎక్కువమంది నేరుగా బయటి గాలిని రెగ్యులేటర్ మీదకి తెచ్చే గాలి పైపు దగ్గర మొదలుపెడతారు, కానీ రెగ్యులేటర్ వెనక బిగింపు, వైర్ల చివర్లు బాగాలేకపోతే ఎంత గాలి ఊదినా ఫలితం సగమే.

ముందు వేడి లెక్క. ఈ ఇంజన్‌లో ఉండేది శాశ్వత అయస్కాంతాల జనరేటర్. కారు ఆల్టర్నేటర్‌లో అయితే ఫీల్డ్ కరెంటు (లోపలి విద్యుదయస్కాంతానికి ఇచ్చే కరెంటు) తగ్గించి ఉత్పత్తినే తగ్గించొచ్చు, అక్కడ రెగ్యులేటర్ గుండా వెళ్లేది ఆ రెండు మూడు ఆంప్స్ ఫీల్డ్ కరెంటే. అందుకే అలాంటి ఆల్టర్నేటర్ ఉండే లైకమింగ్, కాంటినెంటల్ విమాన ఇంజన్ల వాళ్లకు రెగ్యులేటర్ వేడి పెద్ద సమస్య కాదు, వాళ్ల తలనొప్పి ఆల్టర్నేటర్ వెనక ఉండే డయోడ్లు. మన దగ్గర అయస్కాంతాన్ని ఆపలేం కాబట్టి బ్యాటరీకీ పరికరాలకూ వెళ్లే మొత్తం కరెంటు ఈ చిన్న అల్యూమినియం డబ్బాలోని ఒక డయోడ్, ఒక థైరిస్టర్ (కరెంటును అవసరాన్ని బట్టి వదిలే ఎలక్ట్రానిక్ స్విచ్) దాటే వెళ్లాలి. రెండూ కలిపి సుమారు 2 వోల్టులు మింగుతాయి. 15 ఆంప్స్ లాగితే 30 వాట్లు ఆ డబ్బాలోనే వేడిగా మిగిలిపోతాయన్నమాట. ఒక టంకం కొట్టే ఐరన్‌కి సరిపోయే వేడి అది. రోటాక్స్ ఇన్‌స్టలేషన్ మాన్యువల్ రెగ్యులేటర్ బాడీ మీద పెట్టిన హద్దు 80 డిగ్రీలు. లోపలి చిప్ ఎలాగూ బాడీ కంటే వేడిగానే ఉంటుంది కాబట్టి బాడీ 80 దాటిందంటే లోపల పరిస్థితి ఇంకా అధ్వానం.

ఇక్కడ మీ రెగ్యులేటర్ ఏ రకమో తెలుసుకోవాలి, ముఖ్యంగా బయట కొన్న ప్రత్యామ్నాయం వేసి ఉంటే. అవసరం లేని కరెంటును లోపలికి రానివ్వకుండా ఆపేది సిరీస్ రకం. దాంట్లో మీరు తక్కువ వాడితే వేడీ తక్కువే. రెండోది షంట్ రకం, చాలా మోటారు సైకిళ్లలో ఇదే ఉంటుంది. అది అవసరం లేనప్పుడు జనరేటర్ వైర్లనే షార్ట్ చేసి పెడుతుంది, దాంతో మీరు లైట్లు ఆపినా అందులో కరెంటు తిరుగుతూనే ఉంటుంది, వేడి తగ్గదు. తేల్చుకోవడం కష్టం కాదు. ఏసీ కొలిచే క్లాంప్ మీటరుని జనరేటర్ నుంచి వచ్చే రెండు పసుపు వైర్లలో ఏదో ఒక్కదాని చుట్టూ ముందే పెట్టి, మీటరుని కట్టేసి, ప్రొపెల్లర్‌కి దూరంగా మనిషి కూర్చునే చోట నుంచే కనిపించేలా చేసుకుని, బ్యాటరీ నిండాక అన్నీ ఆపి ఆర్‌పీఎం పెంచి చూడండి. కరెంటు బాగా పడిపోతే సిరీస్, అలాగే నిలబడితే షంట్. షంట్ రకం అయితే, ఈ ఉపయోగానికి నా మటుకు నేను దాన్ని వాడను, మార్చేస్తాను. ఇక్కడి నుంచి నేను రాసేదంతా సిరీస్ రకం అనుకుని రాస్తున్నాను.

సిరీస్ రకంలో వేడి అంటే ఆంప్సే కాబట్టి అన్నిటికంటే చవకైన కూలింగ్ లోడ్ తగ్గించడం. పాత 100 వాట్ల హాలోజన్ ల్యాండింగ్ లైట్ ఒక్కటే 7 ఆంప్స్ పైన తింటుంది. అది ఎల్‌ఈడీగా మారిస్తే రెగ్యులేటర్‌లో 14 వాట్లు ఒక్కసారిగా తగ్గినట్టు. ఏ హీట్‌సింకూ అంత తేలిగ్గా అంత పని చేయదు. స్ట్రోబ్, నావిగేషన్ లైట్లు కూడా అంతే. ఈ జనరేటర్ మొత్తం సామర్థ్యమే 250 వాట్ల దగ్గర ఉంటుంది, అదీ పూర్తి వేగంలో. కాబట్టి డాష్‌బోర్డ్ నిండా స్క్రీన్లు, సీటు హీటర్లు, రెండు ఫోన్ చార్జర్లు తగిలించి ఉన్నవాళ్లు ఒకసారి కాగితం మీద ఆంప్స్ కూడుకోవాలి. మామూలు క్రూయిజ్‌లో 10 ఆంప్స్ దాటకుండా ఉంటే బతుకు హాయి.

బ్యాటరీ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ లోడ్‌గా లెక్కేయరు. స్టార్ట్ చేసిన వెంటనే అన్నిటికంటే ఎక్కువ లాగేది అదే. లెడ్ యాసిడ్ అయితే కొన్ని నిమిషాల్లో తనంతట తనే తగ్గిస్తుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అలా కాదు, దాని లోపలి నిరోధం చాలా తక్కువ, నిండే దాకా జనరేటర్ ఎంతిస్తే అంతా పుచ్చుకుంటుంది. బరువు తగ్గుతుందని లిథియం పెట్టుకున్నాక రెగ్యులేటర్లు పోవడం మొదలైందంటే నాకు ఆశ్చర్యం ఉండదు. మీరు ఏ బ్యాటరీ వాడుతున్నారో రాయలేదు, మొదటి రెగ్యులేటర్ పోవడానికి కొద్దికాలం ముందు బ్యాటరీ మార్చారా అన్నది గుర్తు తెచ్చుకోండి.

ఇంకా బిగింపు. ఫైర్‌వాల్ లోహమే కదా, అదే హీట్‌సింక్‌గా పనిచేస్తుంది అనుకోవడం చాలామందిలో చూస్తాను. స్టెయిన్‌లెస్ స్టీలు ఉష్ణవాహకత అల్యూమినియంలో సుమారు పదోవంతు, పైగా ఆ రేకు మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు. అంటే రెగ్యులేటర్ కింద ఉన్న ముక్క మాత్రం వేడెక్కి, జానెడు దూరంలో చెయ్యి పెడితే చల్లగా ఉంటుంది. వేడి పాకదు. వెనక ఇన్సులేషన్ బ్లాంకెట్ ఉంటే మరీ ఘోరం. పైగా మీ సైలెన్సర్ వైపు నుంచి అదే ఫైర్‌వాల్ వేడిని పుచ్చుకుంటోంది కాబట్టి, అది రెగ్యులేటర్‌ని చల్లబరచడం పోయి వేడి చేస్తూ ఉండొచ్చు.

దానికి బదులు 200 మి.మీ. చదరం, 3 మి.మీ. మందం అల్యూమినియం పలక ఒకటి కోయించండి, బరువు 320 గ్రాములు ఉంటుంది. దాన్ని ఫైర్‌వాల్‌కి 15, 20 మి.మీ. ఎడం ఉండేలా స్పేసర్ల మీద నిలువుగా నిలబెట్టి, రెగ్యులేటర్‌ని దాని మీద బిగించండి. రెండు వైపులా గాలి తగలాలి. రెగ్యులేటర్ అడుగు, పలక తాకే చోట రంగు, ఆనోడైజింగ్ లేకుండా నున్నగా రుద్ది, థర్మల్ పేస్ట్ పల్చగా పూయండి. పేస్ట్ లోహానికి లోహానికి మధ్య ఉన్న సన్నటి ఖాళీలు నింపడానికే, మందంగా పూస్తే అదే అడ్డవుతుంది. రెగ్యులేటర్ మీది ఫిన్లు (వేడి వదిలే పల్చటి రెక్కలు) గాలి వెళ్లే దిశలో ఉండాలి, గాలి పైపు లేకపోతే నిలువుగా ఉండాలి. బోల్టు బిగించేముందు రెగ్యులేటర్ అడుగున స్కేలు పెట్టి సమతలంగా ఉందో లేదో చూసుకోండి.

ఒక జాగ్రత్త. ఈ రెగ్యులేటర్‌కి గ్రౌండ్ దాని బాడీయే. కాంపోజిట్ విమానంలోనో, ఇలా స్పేసర్ల మీదనో పెట్టినప్పుడు బిగింపు బోల్టు కింద లగ్ (వైరు చివర తొడిగే లోహపు రింగు) వేసి గ్రౌండ్ వైర్ విడిగా ఇవ్వండి, అవుట్‌పుట్ వైర్ ఎంత మందమో ఇదీ అంతే మందం. థర్మల్ పేస్ట్ వేడిని పంపుతుంది కానీ చాలా రకాలు కరెంటును పంపవు, కాబట్టి పేస్ట్ గుండా గ్రౌండ్ దొరుకుతుందని అనుకోకండి.

వైర్ల చివర్లు ఇంకా ముఖ్యం. రెగ్యులేటర్ కాలిపోయింది అని తెచ్చిన వాటిలో ప్లగ్ గోధుమ రంగులోకి మారి, స్పేడ్ టెర్మినల్ నల్లబడినవి నేను తరచూ చూస్తాను. టెర్మినల్ వదులైతే, లేదా క్రింపింగ్ (టెర్మినల్‌ని వైరు మీద నొక్కి పట్టించడం) సరిగ్గా పడకపోతే అక్కడ 0.02 ఓమ్ నిరోధం రావడం పెద్ద విషయం కాదు. 15 ఆంప్స్ దగ్గర అది నాలుగున్నర వాట్లు, వేలి గోరంత జాగాలో. ఆ వేడి టెర్మినల్ పిన్ను పట్టుకుని నేరుగా రెగ్యులేటర్ లోపలికి పాకుతుంది. వేడెక్కితే స్ప్రింగు పట్టు సడలుతుంది, పట్టు సడలితే నిరోధం పెరుగుతుంది, అలా తిరుగుతూ ఒకరోజు ప్లాస్టిక్ కరుగుతుంది. మీ పాత రెండు రెగ్యులేటర్లు ఇంకా ఉంటే వాటి పిన్నులు చూడండి. మెరుస్తూ ఉన్నాయా, నీలం గోధుమ రంగులోకి తిరిగాయా? రంగు మారి ఉంటే మీ సమస్యలో సగం దొరికినట్టే. ప్లగ్‌లోని టెర్మినల్స్ అన్నీ కొత్తవి వేసి, మంచి క్రింపింగ్ టూల్‌తో నొక్కించండి, శ్రావణంతో నొక్కకండి. వైర్ల బరువు, ఊగుడు టెర్మినల్ మీద పడకుండా దగ్గర్లోనే క్లిప్ వేసి పట్టించండి.

అక్కడే ఇంకొక కొలత. మీటరు ప్రోబ్‌లను క్రొకడైల్ క్లిప్పులతో ముందే తగిలించి, ఇంజన్ నడుస్తూ లోడ్ ఉన్నప్పుడు రెగ్యులేటర్ అవుట్‌పుట్ నుంచి బ్యాటరీ ప్లస్‌కి ఎంత వోల్టేజ్ పడిపోతోందో, రెగ్యులేటర్ బాడీ నుంచి బ్యాటరీ మైనస్‌కి ఎంతో చూడండి. 0.2 వోల్టులు దాటితే ఆ దారిలో ఏదో స్విచ్చో, ఫ్యూజ్ హోల్డరో, లగ్గో చెడి ఉంది. సి టెర్మినల్‌కి వెళ్లే వైర్ కూడా ముఖ్యమే, రెగ్యులేటర్ బ్యాటరీ వోల్టేజ్ ఎంతుందో చూసుకునేది దాని ద్వారానే. అది పాత స్విచ్ దాటి వస్తూ అర వోల్టు పోగొట్టుకుంటే, బ్యాటరీ తక్కువగా ఉందనుకుని రెగ్యులేటర్ అర వోల్టు ఎక్కువ తోస్తుంది. బ్యాటరీకి ఓవర్‌చార్జ్, రెగ్యులేటర్‌కి అదనపు ఆంప్స్, రెండూ ఒకే తప్పుడు కనెక్షన్ వల్ల.

ఇవన్నీ అయ్యాక గాలి. ఇక్కడ లెక్క వేస్తే ఎందుకు కావాలో తెలుస్తుంది. నేను చెప్పిన పలక, గాలి కదలకుండా ఉన్నప్పుడు 30 వాట్లకు చుట్టూ ఉన్న గాలి కంటే సుమారు 35, 40 డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. కౌలింగ్ (ఇంజన్ చుట్టూ ఉండే రేకు కవచం) లోపల 65 ఉందనుకోండి, వంద దాటింది. అంటే పలక ఒక్కటే చాలదు. అదే పలక మీద బయటి 38 డిగ్రీల గాలి ఓ మోస్తరు వేగంతో పారితే పెరుగుదల పదిహేను డిగ్రీల లోపే ఉంటుంది, బిగింపు దగ్గర పోయేది కలుపుకున్నా 60 దరిదాపుల్లో ఆగుతుంది. గాలి వేగం కంటే కూడా గాలి ఎక్కడి నుంచి వచ్చిందన్నదే ఇక్కడ తేడా తెచ్చేది. మీరు అనుకుంటున్న ఫ్యాన్ కౌలింగ్ లోపల పెడితే తలుపులు మూసిన వంటింట్లో ఫ్యాను తిప్పినట్టే, వేడి గాలినే అటూ ఇటూ కలుపుతుంది. కొంచెం మేలు ఉంటుంది, నిజమే, కానీ ఆ వేడిలో ఆ వణుకులో చిన్న ఫ్యాన్ బేరింగ్ ఎన్నాళ్లు నిలబడుతుంది, అది ఆగిపోయిన సంగతి మీకెలా తెలుస్తుంది?

కాబట్టి బ్లాస్ట్ ట్యూబ్, అంటే మొదట్లో చెప్పిన గాలి పైపు. 20, 25 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న వేడి తట్టుకునే గొట్టం చాలు. గాలి కౌలింగ్ ముందు భాగం నుంచి, అంటే రేడియేటర్, ఆయిల్ కూలర్ దాటకముందే తీసుకోవాలి. కూలర్ వెనక నుంచి తీస్తే అప్పటికే అది వేడి గాలి. సిలిండర్ల గాలి డక్ట్ నుంచి చీల్చి తీసుకోవచ్చు, కానీ సిలిండర్ హెడ్ టెంపరేచర్ ఇప్పటికే హద్దు దగ్గర ఉంటే అక్కడి నుంచి దొంగిలించకండి, విడిగా చిన్న ఇన్‌లెట్ పెట్టుకోండి. గొట్టం చివర ఫిన్లకు 20, 30 మి.మీ. దూరంలో, ఫిన్ల సందుల్లోకి పారేలా ఉండాలి. టెర్మినల్స్ మీదకి నేరుగా ఊదేలా పెట్టకండి, వానలో ఆ గొట్టం నీళ్లు కూడా తెస్తుంది. గొట్టం మధ్యలో కిందికి వంపు వచ్చే చోట చిన్న రంధ్రం వేస్తే నీళ్లు అక్కడే కారిపోతాయి. లోపలికి వచ్చిన గాలి బయటికి పోయే దారి కూడా ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

సైలెన్సర్ వైపు నుంచి మార్చగలిగితే అవతలి వైపుకు మార్చేయండి. కుదరకపోతే మధ్యలో మెరిసే అల్యూమినియం రేకు ఒకటి అడ్డంగా నిలబెట్టండి, రేడియేషన్ వేడిని అది బాగా ఆపుతుంది. రెగ్యులేటర్ అవుట్‌పుట్‌కి ఉండే 22,000 మైక్రోఫారడ్ కెపాసిటర్ కూడా పక్కనే ఉంటుంది కదా, దాన్నీ మర్చిపోకండి. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లకి వేడంటే ఇంకా పడదు, 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందన్నది ఎలక్ట్రానిక్స్ వాళ్ల పాత లెక్క. 85 డిగ్రీలది ఉంటే 105 డిగ్రీలది వేయండి.

క్యాబిన్‌లోకి మార్చడం గురించి. చల్లగా ఉంటుంది, కాదనను, కొందరు అలాగే ఏళ్ల తరబడి నడుపుతున్నారు. నాకు మాత్రం ఇష్టం లేదు. కారణం, ఈ డబ్బా పోయినప్పుడు ఒక్కోసారి లోపల పోసిన రెసిన్ కాలి ఘాటు పొగ వస్తుంది, అది ఫైర్‌వాల్ అవతల ఉండడమే మేలు. రెండోది, జనరేటర్ నుంచి వచ్చే ఏసీ వైర్లు క్యాబిన్‌లోకి వస్తాయి, ఆర్‌పీఎంతో పాటు మారే కీచుమనే శబ్దం హెడ్‌సెట్‌లో వినిపించడం మొదలవుతుంది. ఎటూ తప్పదు, కౌలింగ్ లోపల ఎక్కడా చోటు లేదు అంటే అప్పుడు చేయండి, పసుపు వైర్లు రెండింటినీ మెలితిప్పి, మైక్ వైర్లకు, యాంటెన్నా కేబుల్‌కు దూరంగా నడిపించి, ఫైర్‌వాల్ రంధ్రాన్ని మంట తట్టుకునే సీలెంట్‌తో మూసి. అక్కడ ఫ్యాన్ పెడితే అర్థం ఉంది.

కొలవకుండా ఇవేవీ నమ్మకండి, నేను చెప్పినా సరే. ఒకసారి రంగు మారితే మళ్లీ మారని టెంపరేచర్ స్టిక్కర్లు దొరుకుతాయి, రెగ్యులేటర్ బాడీ మీద ఒకటి, కెపాసిటర్ మీద ఒకటి అంటించండి. విమానం దిగాక కౌలింగ్ తీసి చూస్తే మొత్తం మీద ఎక్కిన అత్యధిక వేడి తెలుస్తుంది. ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో కొలిచి చల్లగానే ఉందని సంబరపడేవాళ్లు చాలామంది. మెరిసే అల్యూమినియం మీద అది చాలా తక్కువ చూపిస్తుంది, కొలిచే చోట నల్ల టేపు ముక్క అంటించి దాని మీద కొలవాలి. పైగా దిగి కౌలింగ్ విప్పేలోపు గాల్లో ఎంత ఉందో ఎలాగూ తెలియదు. స్టిక్కర్ ఎంత చూపిందో దానితో పాటు ఆ రోజు బయటి ఉష్ణోగ్రత కూడా రాసుకోండి. 25 డిగ్రీల రోజున 68 చూపితే పెరుగుదల 43. మీ దగ్గర వేసవిలో 40 వస్తే 83 అవుతుందని అర్థం, అంటే ఈ రోజు బాగుంది కదా అని వదిలేయడానికి లేదు.

అన్నిటికంటే గడ్డు సమయం ఎప్పుడో తెలిస్తే అదీ సగం రక్షణ. ఇంజన్ ఆపాక గాలి ఆగిపోతుంది, సైలెన్సర్ వేడి పైకి లేచి కౌలింగ్ పైభాగంలో చేరుతుంది, పదిహేను ఇరవై నిమిషాల పాటు అక్కడ ఎగురుతున్నప్పటికంటే ఎక్కువ వేడి ఉంటుంది. మీ రెగ్యులేటర్ సరిగ్గా అక్కడే ఉంది. అప్పుడు మళ్లీ స్టార్ట్ చేస్తే, ఆకలిగా ఉన్న బ్యాటరీ, అప్పటికే కాగిన రెగ్యులేటర్, వెంటనే టేకాఫ్‌లో పూర్తి ఆర్‌పీఎం, క్లైంబ్‌లో తక్కువ గాలి, అన్నీ ఒకేసారి కలుస్తాయి. ఆగినప్పుడు ముక్కు గాలికి ఎదురుగా పెట్టి నిలపండి, కౌలింగ్ మీద ఆయిల్ చెక్ చేయడానికి ఉండే చిన్న తలుపు తెరిచి ఉంచండి, ఎగిరే ముందు మూయడం మాత్రం మరవద్దు. తిరిగి స్టార్ట్ అయ్యాక అవసరం లేని లైట్లు ఆపి, చార్జింగ్ కరెంటు తగ్గేవరకు కాస్త ఆగండి. అమ్మీటర్ ఉంటే ఎంతసేపు ఆగాలో అదే చెప్తుంది, లేకపోతే ఒకటి పెట్టించుకోండి, ఈ పనికి దానంత ఉపయోగపడే గేజ్ ఇంకొకటి లేదు.

మీకు ఒక టెన్షన్ తీరుస్తాను: కార్బురేటర్ ఉన్న 912లో ఇగ్నిషన్‌కి కరెంటు స్టేటర్‌లో (జనరేటర్‌లో తిరగని భాగంలో) విడిగా ఉన్న రెండు కాయిల్స్ నుంచి వస్తుంది, కాబట్టి రెగ్యులేటర్ పోతే ఇంజన్ ఆగదు, ఇంజన్ మీద ఉన్న మెకానికల్ ఇంధన పంపు కూడా నడుస్తూనే ఉంటుంది. మీకు పోయేది రేడియో, స్క్రీన్లు, అదీ బ్యాటరీ అయిపోయాక. కానీ రెగ్యులేటర్ ఒక్కోసారి చార్జింగ్ ఆపేసి కాకుండా వోల్టేజ్ పెంచేసి చెడుతుంది. అది లిథియం బ్యాటరీకీ, ఖరీదైన పరికరాలకూ ప్రమాదం, అందుకని ఓవర్‌వోల్టేజ్ వస్తే జనరేటర్‌ని విడదీసే రిలే ఒకటి ఉంచుకోవడం మంచిది. ఇంజెక్షన్ ఇంజన్ 912 ఐఎస్ సంగతి పూర్తిగా వేరు, అక్కడ ఇంజన్ కరెంటు మీదే బతుకుతుంది, పైన రాసింది దానికి యథాతథంగా వాడకండి. అలాగే ఇది చదివే మరెవరిదైనా ఫ్యాక్టరీలో కట్టిన సర్టిఫైడ్ విమానం అయితే, రెగ్యులేటర్ చోటు మార్చడానికీ గొట్టం పెట్టడానికీ తయారీదారు లేదా విమానయాన నియంత్రణ సంస్థ అనుమతి కావాలి. స్టిక్కర్ అంటించడం, టెర్మినల్స్ బాగున్నాయో లేదో చూపించుకోవడం మాత్రం మీ మెకానిక్‌తో ఈ వారమే చేయించుకోవచ్చు.

మీరు ముందు పాత రెగ్యులేటర్ పిన్నుల ఫోటో, క్రూయిజ్‌లో ఎన్ని ఆంప్స్ వెళ్తున్నాయో, బ్యాటరీ ఏ రకమో పెట్టండి. పిన్నులు నల్లగా ఉంటే గొట్టం గురించి మాట్లాడేముందు ఆ ప్లగ్ సంగతి తేల్చుకుందాం.